జెట్టి చెప్పిన ప్రత్యయం కథ

అండమాన్ దీవుల్లోని శ్రీ విజయపురంలో హేవ్‌లాక్ దీవికి వెళ్లే ప్రభుత్వ పడవ ఎక్కాలంటే ఫీనిక్స్ బే జెట్టికి వెళ్లాలి. చేపలకైతే జంగ్లీఘాట్ జెట్టికి. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. జెట్టి మాత్రం జెట్టిగానే ఉంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకారుల నోట జెట్టి అనే మాట అచ్చతెలుగులాగే పలుకుతుంది.

అది ఫ్రెంచి మాట.

విసరడాన్ని ఫ్రెంచివాళ్లు 'జెతే' అంటారు. సముద్రంలోకి చొచ్చుకుపోయేలా వేసిన గట్టునూ 'జెతే' అనే అంటారు. చెవికి తేడా తెలియదు, రాతలో మాత్రం తోకలు వేరు. గట్టు పేరుకున్న తోక లాటిన్ 'ఆతా' అరిగి మిగిలిన ముక్క. 'ఆర్మాతా' అంటే ఆయుధం పట్టినది. అరిగి ఫ్రెంచిలో 'ఆర్మే' అయింది, ఇంగ్లీషు మీదుగా మనకు ఆర్మీ అయింది.

జెట్టి మీద దింపే లగేజీదీ ఇలాంటి కథే. లాటిన్‌లో 'వియాతికుమ్' అంటే దారిబత్తెం. దాని చివరి 'ఆతికుమ్' ఫ్రెంచిలో 'ఆజ్' అయింది. వాయేజ్, ప్యాసేజ్, విలేజ్ అన్నీ ఆ కొమ్మ కాయలే. ఇంగ్లీషు ఆ తోకను అందుకుని, ఈడ్చడమనే అర్థమున్న తన 'లగ్'కు తగిలించి లగేజీ చేసుకుంది. ప్రత్యయాన్ని అరువు తెచ్చుకుని సొంత ధాతువుకు అతికించడమంటే ఇదే.

మరి తెలుగు చేతిలో ఏముంది? ఒక్క 'త' చూడండి. ఈదితే ఈత, కోస్తే కోత, మోస్తే మోత, నేస్తే నేత. జెట్టి దగ్గర బరువులెత్తే మనిషికి మోత తెలుసు, తీరాన ఇల్లున్నవాడికి సముద్రపు కోత తెలుసు. 'త' పాతబడలేదు. 'వేయు' పక్కన చేరి కూల్చివేత, ఎత్తివేత, ఎగవేత, నిలిపివేత అయింది. పత్రికల్లో రోజూ కనిపించే ఈ మాటలకు నిఘంటువు తిరగేయాల్సిన పని లేదు. ఫ్రెంచివాళ్లు విసరడంలోంచి జెట్టిని తీసినట్టే, మనం వేయడంలోంచి వేతను తీశాం.

అయినా కొత్త పేరు కావాల్సి వచ్చినప్పుడు మన కలం సంస్కృతపు 'ఈకరణ' వైపే పరుగెడుతుంది. రాసేవాళ్లకు, అనువదించేవాళ్లకు ఒక్క విన్నపం: ముందు క్రియను పలకండి, దాని పక్కన 'త' పెట్టి చూడండి. కుదరకపోతేనే సంస్కృతం తలుపు తట్టండి.