ఇంటిల్లిపాదికీ ఒక్క రచయిత

తెనాలి, బాపట్ల, రేపల్లె - మా బంధువర్గమంతా ఈ మూడూళ్ళే. ఎవరింటికెళ్ళినా కాఫీతోపాటు “ఏం చదువుతున్నారు?” అన్న ప్రశ్న తప్పదు. ఈ నెల బాపట్ల పిన్ని చేతిలో ‘చదువు’ నవల, మనవడి చేతిలో పాత ‘చందమామ’ బైండు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావే ఆ నవల రాశారు, 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామనూ తీర్చిదిద్దారు. పెద్దలకైనా పిల్లలకైనా అదే పొదుపైన వాక్యం. సుందరం అక్షరాభ్యాసం నుంచి అతని కథ చెబుతూ ఎక్కడా కన్నీళ్ళు పిండరు. “ఏడవనివ్వడేమిట్రా ఈ మనిషి!” అని పిన్ని ఫిర్యాదు. నిజమే, ఉద్వేగం కోరేవారికది లోటే. ఆలోచించేవారికి అదే బలం. చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. అటకమీది బైండ్లు దించండి. వాటి మీదుగానే పిల్లలు ‘చదువు’ దాకా వస్తారు.