హృదయ ధమనిలో స్టెంటు : చేయి మేలా? యంత్రము మేలా?

హృదయ కండరమునకు రక్తము నందించు ధమనులు కొవ్వు పేరుకొని ఇరుకైనపుడు, సన్నని గొట్టము ద్వారా బుడగను పంపి దారిని వెడల్పు చేయు పద్ధతిని 1977లో జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూన్‌సిగ్ ఆరంభించెను. ఆ దారి మరల మూసికొనకుండ లోహపు జాలిగొట్టమును, అనగా స్టెంటును, అమర్చుట 1986లో మొదలైనది. ఇపుడు ఈ పనిలో యంత్రపు చేయి మనిషి చేతికంటె మిన్న యను మాట వినవచ్చుచున్నది. అది ఎంతవరకు నిజము?

కోర్‌పాత్ అను యంత్రమును చూతము. వైద్యుడు రోగికి దూరముగా, సీసపు మరుగున కూర్చుండి మీటలు కదల్చును. రోగి ప్రక్కనున్న యంత్రభాగము తీగను, బుడగను, స్టెంటును నడుపును. తీగను చేత నడుపునపుడు అడ్డు తగిలినచో వేళ్లకు తెలియును. ఈ స్పర్శను మీట అందింపదు. తెరపై బొమ్మను చూచియే గ్రహింపవలెను.

2013లో ప్రకటితమైన ప్రిసైజ్ పరిశోధనలో 164 మంది రోగులకు ఈ యంత్రముతో చికిత్స ఆరంభింపగా, 162 మందికి, అనగా నూటికి 98.8 మందికి, చేతిపనికి మరలకుండ పూర్తియైనది. వైద్యునికి సోకు ఎక్స్-కిరణములు, బల్లప్రక్క నిలుచు చోటితో పోల్చగా, నూటికి 95.2 పాళ్లు తగ్గినవి.

ఈ రెండంకెలకు ఒకే విలువ లేదు. రెండవదానికి పోలిక కలదు, మొదటిదానికి లేదు. చేతితో చికిత్స పొందిన వేరొక జట్టు ఆ పరిశోధనలో లేనే లేదు. పైగా మిక్కిలి కఠినమైన ఇరుకులను ముందే మినహాయించిరి. తేలిక ప్రశ్నలకు నూటికి 98 మార్కులు తెచ్చుకొనిన విద్యార్థిని, ఆ పరీక్షయే వ్రాయని మరొకనికంటె మేటి యనుట న్యాయమా?

వైద్యునికి కలిగిన మేలు చిన్నది కాదు. ఏండ్ల తరబడి బరువైన సీసపు కవచము ధరించి నిలుచువారికి నడుమునొప్పులు తప్పవు. కాని వైద్యునికి మేలు కలిగినదని రుజువైనంత మాత్రమున రోగికిని మేలు రుజువైనట్లు కాదు.

దూరపు చికిత్స సంగతియు ఇట్టిదే. 2018 డిసెంబరులో డాక్టర్ తేజస్ పటేల్ గాంధీనగరు నుండి, సుమారు 32 కిలోమీటర్ల దూరమున అహమ్మదాబాదులోనున్న ఐదుగురు రోగులకు ఈ విధముగ చికిత్స చేసెను. ఇది ఘనకార్యమే. అయినను రక్తనాళమును గ్రుచ్చి గొట్టమును చొప్పించుటకు, ఆపద కలిగినచో ఆదుకొనుటకు, రోగి చెంత నేర్పరులు ఉండనే వలెను. వారు లేని ఊరికి యంత్రమే నిపుణుని తెచ్చుననుట తొందరపాటు.

సీమెన్స్ హెల్తినీర్స్ సంస్థ 2023లో హృదయ చికిత్సకై ఈ యంత్రపు వ్యాపారమును విరమించుకొనుచున్నట్లు ప్రకటించినది. అది వ్యాపార నిర్ణయము. శాస్త్ర నిర్ణయము కాదు. ఒకే విధమైన రోగులను చీట్లు వేసి రెండు జట్లుగ విభజించి, ఒక జట్టుకు చేతితోను, రెండవదానికి యంత్రముతోను చికిత్స చేసి, వారి క్షేమమును ఏండ్లపాటు గమనించిననే అసలు తీర్పు లభించును. గొప్ప అంకె కనబడినపుడెల్ల 'దేనితో పోల్చగా?' అని అడుగుట విద్యార్థులు అలవరచుకొనవలెను.