ముక్కు తిప్పే పనితనం

ఎంజీబీ లాంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు వారాంతపు పోటీలో మలుపు తిరిగేటప్పుడు, స్టీరింగ్ తిప్పినంతగా ముక్కు లోపలికి రాక, బయటి అంచుకేసి జారుతుంది. ఈ అండర్‌స్టీర్‌ను తగ్గించే మెకానిక్ గొప్పతనం భాగాలు బిగించడంలో కన్నా రోగం గుర్తించడంలోనే ఎక్కువ కనిపిస్తుంది. పరుగు ముగిసీ ముగియగానే అతను ముందు టైరు వేడిని లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున కొలుస్తాడు. బయటి అంచు మరీ కాగి ఉంటే, బాడీతో పాటు చక్రమూ ఒరిగి అంచు మీదే నిలుస్తోందన్నమాట. చక్రం పైభాగాన్ని కాస్త లోపలికి వంచాలి, అదే నెగటివ్ క్యాంబర్. మధ్యభాగం కాగితే గాలి ఎక్కువైనట్టు, కాస్త వదిలేస్తే చాలు. పైసా ఖర్చులేని వైద్యం! బాడీ ఒరుగుదలను అదుపు చేసే ముందు యాంటీ-రోల్ బార్ లావైతే బరువు బయటి టైరు మీదికి మరింత మళ్లి అండర్‌స్టీర్ పెరగాలని సూత్రం. కానీ బాగా ఒరిగే పాత కారులో అదే బార్ చక్రాన్ని నిటారుగా నిలిపి పట్టు పెంచవచ్చు. ఇక్కడ పుస్తకం కన్నా టైరు సాక్ష్యమే నమ్మదగినది.

వెనక లావుపాటి బార్ వేస్తే సరిపోదా అంటారు కొందరు. ముక్కు తిరుగుతుంది, నిజమే. అయితే అది చాలావరకు వెనక టైర్ల పట్టు తగ్గించి సాధించిన సమతూకం. రెండు వెనక చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ సాదాదైతే లోపలి వెనక చక్రం తేలిపోయి ఊరికే గిర్రున తిరుగుతుంది. తప్పంతా డ్రైవరుదేననే వాదనలోనూ బలముంది: మితిమీరిన వేగంతో దూరితే ఏ కారైనా జారుతుంది. అందుకే మంచి మెకానిక్ స్పానర్ పట్టేముందు, జారుడు మలుపు మొదట్లోనా, నడుమనా, యాక్సిలరేటర్ తొక్కాకా అని అడుగుతాడు. ఆపై ఒక్క మార్పే చేసి, మళ్లీ ట్రాక్ మీదికి పంపుతాడు.