‘మా నాయన బాలయ్య’ – ఒక పరిశీలనము

దారిద్ర్యమును గూర్చి వ్రాసినవారు మన భాషలో పెక్కుమంది కలరు. దారిద్ర్యమునందే పుట్టి పెరిగి, దానిని గూర్చి తామే వ్రాసికొన్నవారు కొలదిమంది. అట్టివారిలో వై. బి. సత్యనారాయణగారొకరు. 2011లో ఆంగ్లమున వెలువడిన వీరి కుటుంబచరిత్రము పి. సత్యవతిగారి అనువాదమున ‘మా నాయన బాలయ్య’ అను పేర తెలుగువారికి లభించినది. మన సంఘసభ్యుల గృహములలో ఈ గ్రంథముండదగునని మా అభిప్రాయము. అందులకు గల కారణములను, అందు మాకు కొఱతగా దోచిన దానిని ఇచట విన్నవించుచున్నాము.

కథ కరీంనగరు ప్రాంతమందలి వంగపల్లిలో మొదలగును. మాదిగ కులమున బుట్టిన పూర్వుడొకడు నిజాము ప్రభువునకు చక్కని చెప్పులజోడు సమర్పించి 50 ఎకరముల భూమిని బహుమానముగా బడసెను. ఊరి దొర 2 ఎకరములు మాత్రము విడిచి తక్కినదంతయు కాజేసెను. తరువాతి తరమువాడు కలరాకు భార్యను కోల్పోయి, చిన్న కుమారుని వెంటబెట్టుకొని ఊరు విడిచి రైల్వేకొలువున జేరెను. ఆ పసివాడే బాలయ్య. బాలయ్యయు రైల్వేలోనే పనిచేసి, తన బిడ్డలను చదివించెను. వారిలో ఆచార్యులైనవారును కలరు.

తమ కుటుంబోన్నతికి విద్యయే మూలమని గ్రంథకర్త భావము. మేము కాదనము. కాని వారు చెప్పిన కథయే మఱియొక సత్యమును గూడ చెప్పుచున్నది. ప్రభువిచ్చిన భూమిని దొర లాగికొనగలిగెను. రైల్వేవారిచ్చు నెలజీతమును లాగికొనలేకపోయెను. బ్రతుకంతయు జీతపు పట్టీలు వ్రాసిన మాబోంట్లకు ఈ భేదము బాగుగ దెలియును. పలకకు ముందు పైకప్పు కావలెను. బడికి ముందు తప్పక వచ్చు ఒకటవ తేది కావలెను. ఈ రెండును లేని పిల్లవానితో ‘చదువుకో నాయనా’ యనుట సులభమే గాని, వాడేమి చేయగలడు?

ఇక నగరమునకు వత్తము. సికింద్రాబాదు 1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన దండుపట్టణము. వాడి నుండి అచటికి 1874లో రైలు వచ్చినది. రైల్వేవారి కాలనీలలో అధికారుల బంగళాలకు తోటలుండును, గుమాస్తాల క్వార్టర్లకు ముంగిళ్లుండును, క్రింది కొలువులవారికి ఇరుకు గదుల వరుసలుండును. తండ్రి జీతమెంతయో ఇల్లు చూచియే పిల్లలు చెప్పగలరు. పల్లెయందలి అంటరానితనము ఇచట కొంత సడలినది గాని తొలగలేదు. దానిపై ఉద్యోగపు తరగతులను క్రొత్త మెట్లు పేర్చబడినవి. ఈ రెండు భారములను మోయుచు పెరిగిన బిడ్డల స్థితిని గ్రంథకర్త ఏడ్పు లేక, ఎవరిని యాచింపక చెప్పిరి. గ్రంథమునకిదియే గొప్ప గుణము.

కొఱత యొకటి కలదు. గ్రంథనామము తండ్రిది, వెలుగంతయు ఆయనపైననే ప్రసరించినది. ఒక్క జీతముతో పెద్ద సంసారమును నెలకడపటి దాక లాగిన తల్లి లెక్క యెట్టిదో ఇంకను విపులముగ తెలిసికొనవలెనని చదువరికి తోచును. ఎవరికి ముందు వడ్డించెను, తనకేమి మిగిల్చుకొనెను అనునది గూడ చరిత్రమే గదా.

మన రాయచూరు మండలము 1956 వఱకు నిజాము రాష్ట్రములోనిదే. ఆ దొరతనము మనకు క్రొత్త గాదు. రైలును క్రొత్త గాదు. 1871లో బొంబాయి వైపు పట్టాలును మద్రాసు వైపు పట్టాలును రాయచూరున గలసినవి. ఆ మద్రాసు దారియే మా మట్మారి మీదుగ పోవుచున్నది. ఆ దారి వెంట కూలి చేసి పిల్లలను పైకి దెచ్చినవారు మనలోను కలరు. అయినను నేడు ఇల్లు కట్టి, కొడుకులను బెంగుళూరు పంపిన పిమ్మట, తాత పడిన యాకలిని మనుమలకు చెప్పుటకు మనము సిగ్గుపడుచున్నాము. అది తెలియని మనుమడు స్టేషనులో మూటలు మోయువాని కొడుకును పరాయివానిగనే చూచును. తన తాతయు అట్టివాడేయని వానికి తెలుపువారెవరు?

కావున ఈ గ్రంథమును కొని బీరువాలో నుంచిన చాలదు. రాత్రి భోజనానంతరమున పిల్లలచేత ఒక్కొక్క ప్రకరణము బిగ్గరగ చదివింపవలెను. తెలుగు అక్షరములు మఱచుచున్న పిల్లలకు అది చదువగును. నోరు విప్పని పెద్దలకు తమ కథ చెప్పుకొనుటకు త్రోవ దొరకును.