జ్ఞాపకమును గీయుట

తోలుబొమ్మలాట నెన్నడును చూడని బాలునకు, ఆ బొమ్మ తెరమీద ఎట్లు కదలెడిదో మాటలతో చెప్పుట కష్టము. జహీరాబాదు ప్రాంతపు పల్లెలలో నేడు రాత్రివేళ వెలుగునది దీపముంచిన తెర కాదు, చేతిలోని ఫోను తెర. పోయినదానికై విలపించుట సులభము. దానిని ఉన్నదున్నట్లు జ్ఞాపకముంచుకొనుటయే కష్టము. ఈ కష్టమునకు పూనుకొన్న చిత్రకారులలో కె. లక్ష్మాగౌడుగారు ముఖ్యులు.

వీరు 1940లో మెదకు జిల్లాలోని నిజాంపురమున జన్మించిరి. 2016లో జిల్లాలు విభజింపబడువరకు జహీరాబాదును ఆ జిల్లాలోనిదే. వీరు హైదరాబాదున చిత్రకళ నేర్చి, పిదప బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ గారియొద్ద కుడ్యచిత్రములును ముద్రణచిత్రములును అభ్యసించిరి. 2016లో పద్మశ్రీ బిరుదము నందిరి. చిన్ననాట చూచిన తోలుబొమ్మలును మట్టిబొమ్మలును వీరి గీతకు తొలి గురువులు.

లోహపు రేకుమీద మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లములో ముంచినచో, ఆమ్లము గీసినచోటనే రేకును తినును. ఆ పల్లములలో నిలిచిన సిరాయే కాగితమున కెక్కును. జ్ఞాపకమును అట్టిదే గదా! గాయపడినచోటనే అది నిలుచును. 1970 ప్రాంతమున వీరు గీసిన నలుపు తెలుపు చిత్రములలో మేకలు, చెట్టుచేమలు, దిసమొలల స్త్రీపురుషులు ఒకదానితో నొకటి పెనవేసుకొని కనబడును. అందలి పల్లె పూజాగృహము గాదు. ఆశయు కామమును గల జీవలోకము.

గృహస్థులు కొందరు వీనిని చూచి ముఖము త్రిప్పుకొని, తరువాతి కాలపు రంగుల స్త్రీముఖములను మాత్రము గోడకు తగిలింతురు. ఇది నీతి యని మేమొప్పుకొనజాలము. బొట్టును ముక్కుపుడకను ఉంచుకొని, ఆ స్త్రీ బ్రతుకును తోసివేయుట జ్ఞాపకము గాదు, అలంకారము.

అయినను మాకొక యాక్షేపణ గలదు. ఆ తొలి చిత్రములలో స్త్రీ తరచుగా పురుషుని కోరికకు రూపమే యగుచున్నది. కలుపు తీసి, జొన్నలు విసరి, తిరుగలి చెంత పాట కట్టిన యామె జ్ఞాపకము వేరు. దానిని ఆమెయే గీయవలెను.

కావున చదువరులకు మా మనవి యొక్కటి. ఇంట ముదుసలి యవ్వ యున్నచో, బాలికచేతికి కాగితమును పెన్సిలును ఇచ్చి ఆమె చెంత కూర్చుండబెట్టుడు. అవ్వ తాను చూచిన యాటను చెప్పును, బాలిక గీయును. గీత వంకరయైనను చింత లేదు. అందముకొరకు అబద్ధము గీయవలదని మాత్రము చెప్పుడు.