నోటిపూత - "వేడి" సిద్ధాంతము

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలో మందులకు కావలసిన ముడి రసాయనములు తయారగుచున్నవి. అయినను ఆ చుట్టుపట్ల ఇండ్లలో, కేన్సరు మందు ఎక్కించుకొన్నవారికి నోరు పూసినచో వినవచ్చు మాట ఒక్కటే: "వేడి చేసింది." వెనువెంటనే సబ్జా నీళ్ళు, మజ్జిగ, జామాకు, తేనె, పటిక వరుసగా వచ్చును. వీటినన్నిటిని మూఢనమ్మకములని త్రోసివేయుట న్యాయము కాదు. విమర్శింపవలసినది చిట్కాను కాదు, దానికి చెప్పుచున్న కారణమును.

నోటి లోపలి పొరలోని కణములు త్వరత్వరగా విభజన చెందుచు, పాతవాని స్థానమున క్రొత్తవి వచ్చుచుండును. కేన్సరు మందులు విభజన చెందు కణమును దెబ్బతీయును. అది కణితిదా, నాలుకదా అని చూడవు. పాత పొర అరిగి, క్రొత్తది రాక, నాలుగైదు దినములకు మంట మొదలై పిమ్మట పుండ్లు పడును.

దీనికి మన తెలుగువారి చరిత్రలోనే సాక్ష్యము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు యౌవనమున స్ప్రూ వ్యాధితో బాధపడిరి. నాలుక పూయుట ఆ వ్యాధి లక్షణములలో ఒకటి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వారి బృందము, ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి 1945లో ప్రకటించినది. ఆ విటమిను పనిని అడ్డగించు అమినోప్టెరిన్ కూడ అక్కడినుండి వచ్చినదే. దానిని సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకిచ్చి 1948లో ఫలితములు వెల్లడించెను; కొందరికి నోరు పూసినది. విటమిను కొరవడినను నోరు పూయును, దానిని అడ్డగించినను పూయును! ఇందులో వేడికి చోటెక్కడ?

అట్లయిన విటమిను బిళ్ళలు మింగిన చాలునా? చాలదు. మెథోట్రెక్సేట్ అధిక మోతాదులో ఇచ్చినపుడు వైద్యులు వేళ తప్పక ఫోలినిక్ ఆమ్లము ఇచ్చి శరీరమును కాపాడుదురు. అదే ఫోలినిక్ ఆమ్లము ఫ్లోరోయురాసిల్‌తో కలిసినచో మందు బలమును, నోటిపూతను కూడ పెంచును.

చిట్కాలలో మంచుముక్కది చిత్రమైన కథ. ఫ్లోరోయురాసిల్‌ను ఒక్కసారిగా సూదితో ఎక్కించునపుడు, అయిదు నిముషములు ముందుగా మొదలిడి అరగంటసేపు మంచు నోట నుంచుకొన్నచో పూత తగ్గునని పరీక్షలలో తేలినది. చలికి రక్తనాళములు కుంచించుకొని నోటికి చేరు మందు తగ్గును; రక్తములో ఆ మందు త్వరగా తరిగిపోవును గనుక అరగంట చాలును. "వేడికి విరుగుడు" అని నమ్మినవారు పుండు పడిన తరువాత మంచు పెట్టుదురు. అప్పటికి నివారణకు సమయము మించిపోయినది. ఆక్సాలిప్లాటిన్ కూడ ఇచ్చుచున్నచో చల్లదనమే గొంతును బాధించును. కనుక వైద్యుని అడుగక చేయరాదు.

తేనె సంగతి: తల, మెడ కేన్సర్లకు కిరణచికిత్స పొందువారికి అది ఉపకరింపవచ్చునని 2020 నాటి అంతర్జాతీయ సూచనలు తెలుపుచున్నవి. మందు మాత్రమే ఎక్కించుకొనువారికి అట్లు సిఫారసు చేయలేదు. పటిక, పులుపు పుండుపై మంట పెట్టును. ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో పుక్కిలించుట, మెత్తని బ్రష్షు వాడుట పూతను ఆపకపోయినను నోటిని శుభ్రముగా నుంచును.

ఈ సిద్ధాంతము వలన అసలు ప్రమాదము మరొకటి. తెల్లరక్తకణములు తగ్గియున్న వేళ పుండు ద్వారా సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించి జ్వరము తెచ్చును. ఇంటివారు దానిని కూడ "వేడే" అనుకొని సబ్జా నీళ్ళతో రెండు దినములు గడుపుదురు. థర్మామీటరు 38 డిగ్రీల సెల్సియస్ చూపినచో, చికిత్స జరుగుచున్నది హైదరాబాదు ఎం.ఎన్.జె.లో నైనను మరొకచోట నైనను, ఆ గంటనే ఆసుపత్రికి బయలుదేరవలెను.