తలుపు పోయిన ఇల్లు

కి.రా. అని అందరూ పిలిచే కి. రాజనారాయణన్ కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్ ఊరివారు. ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాసింది తమిళం. బడిచదువు ఎక్కువ లేదు, సేద్యం చేసినారు. అయినా పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో జానపద సాహిత్యానికి ప్రొఫెసర్ అయినారు. తెలుగువాళ్ళు దక్షిణానికి వలస వచ్చి, అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథ ఆయన 'గోపల్ల గ్రామం' నవల (1976). దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021 మే నెలలో ఆయన చనిపోయినారు. నేను రాసేది ఆయన 'కదవు' అనే చిన్న కథ గురించి. కదవు అంటే తలుపు.

ఒక పేద ఇంటి పిల్లలు తలుపు మీద ఎక్కి బస్సు ఆట ఆడుకుంటుంటారు. తండ్రి పనికని దూరం పోయినాడు, డబ్బు రాలేదు. పన్ను బాకీ కింద తలారి వచ్చి ఆ తలుపును ఊడదీయించి తీసుకుపోతాడు. ఇంట్లోకి చలిగాలి కొడుతుంది. చంటిబిడ్డ చనిపోతుంది. కొన్నాళ్ళకు పిల్లలు ఆ తలుపును చావడి దగ్గర చూసి కౌగిలించుకుంటారు.

ఈ కథ మా ఇంగ్లీషు సారుకు చెప్తే, ఆయన అమెరికా రచయిత ఫ్రాంక్ నోరిస్ (1870–1902) గురించి చెప్పినారు. నోరిస్ నవల 'ది ఆక్టోపస్' (1901)లో కాలిఫోర్నియా గోధుమ రైతులకూ రైలు కంపెనీకీ గొడవ. చివర్లో ఒక రైతు భార్య నగరంలో ఆకలితో చనిపోతుంది. అదే సమయంలో ఒక ధనవంతుని ఇంట్లో విందు జరుగుతుంది. నోరిస్ రెండింటినీ మార్చి మార్చి చూపిస్తారు. మనిషికంటే పెద్ద శక్తులు మనిషిని నడుపుతాయని చూపించే ఈ రకం రచనను నేచురలిజం అంటారు.

ఆ విందు సంగతి వినగానే నాకు కోపం వచ్చింది. 'కదవు' చదివినప్పుడు ఎవరిమీద కోపపడాలో తెలియలేదు. తలారి కూడా పైవాళ్ళు చెప్పిన పని చేసేవాడే. కి.రా. ఏ విందూ చూపించరు, బిడ్డ చావును సాగదీయరు. అందుకే ఆ బాధ ఎక్కువ రోజులు నాలో ఉండిపోయింది. ఒక కొరత కూడా చెప్పాలి. తల్లి మనసు మనకు కొంచెమే తెలుస్తుంది. ఇంకొంచెం చెప్పి ఉంటే బాగుండేది.

మా అవ్వకు తమిళం మాట్లాడను వస్తుంది, చదవను రాదు. ఒక్కో వాక్యం చదివి మా ఇంటి తెలుగులో చెప్తా పోయినాను. బిడ్డ చనిపోయిన చోట అవ్వ ఏమీ అనలేదు. కథ అయిపోయినాక, "ఆ తలుపు మళ్ళా ఇంటికి వచ్చెనా?" అని అడిగింది. "అది కథలో లేదవ్వా" అన్నాను. ఆ రాత్రి మా తలుపు గడియ రెండుసార్లు చూసి పడుకుంది.

మా సింగానల్లూరులో ఇంటి తెలుగు బడి తెలుగు మాదిరి ఉండదు. అది తప్పు తెలుగని నేనే అవ్వను దిద్దేవాణ్ణి. కానీ కథ అవ్వకు చేరింది ఆ తెలుగులోనే. కి.రా. తన నల్లరేగడి సీమ మాటలకు ఒక నిఘంటువే తయారుచేసినారు. మన మాటలకు కూడా అలాంటిది కావాలి. నేను ఒక నోటుబుక్కులో అవ్వ మాటలు రాయను మొదలుపెట్టినాను. మీరూ ఈ కథ మీ ఇంట్లో పెద్దవాళ్ళకు వినిపించండి, వాళ్ళు ఏమి అడుగుతారో వినండి.